గురువుగారి ట్రంకు పెట్టెలో నాలుగు నోటు పుస్తకాలు

ఈసారి వచ్చిన ఉత్తరం ఆరు పేజీలు ఉంది. రాసినావిడ 31 ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. వయసు 64. తెలుగు మీడియం పిల్లల కోసం మూడు పాఠ్యపుస్తకాలు రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి అవి తీసేసి సంగతి మాత్రం చెప్తాను.

ఆవిడకు చదువులో దారి చూపించిన ఫిజిక్స్ ప్రొఫెసర్ ఒకాయన ఉండేవారు. ఎమ్మెస్సీలో సీటొచ్చీ హాస్టల్ డిపాజిట్ కట్టలేక ఇంటికి వెళ్లిపోబోతుంటే ఆయనే జేబులోంచి తీసి కట్టారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు 90వ జయంతి వస్తోంది. పాత శిష్యులంతా కమిటీగా ఏర్పడి, ఆయన జీవిత చరిత్ర రాయమని ఈవిడను అడిగారు. అచ్చు ఖర్చు అమెరికాలో ఉన్న కొడుకు పెట్టుకుంటానన్నారు. ఈవిడ సంతోషంగా ఒప్పుకుని, రెండేళ్లలో 200 పేజీలు రాశారు.

పోయిన దసరాకు ప్రొఫెసర్ గారి భార్య, 84 ఏళ్ల పెద్దావిడ, అటక మీది ట్రంకు పెట్టె దింపించి "నీకేమైనా పనికొస్తాయేమో చూడమ్మా" అని ఇచ్చారు. అందులో ఎర్ర అట్టల లాంగ్ నోట్‌బుక్కులు నాలుగు. ద్రవ మిశ్రమాల్లో అల్ట్రాసోనిక్ తరంగాల (చెవికి వినబడని ధ్వని తరంగాల) వేగం కొలిచిన రీడింగులు, 1974 నుంచి 1977 దాకా. ప్రొఫెసర్ గారికి దేశమంతా పేరు తెచ్చిన 1978 నాటి పరిశోధన పత్రంలోని పట్టికలు వీటితో అంకెకు అంకె సరిపోతున్నాయి. చేతిరాత మాత్రం ఆయనది కాదు. అప్పట్లో ఆయన దగ్గర రీసెర్చ్ చేసిన ఒకమ్మాయిది. పేపరు మీద ఆయన పేరొక్కటే ఉంది. ఆ అమ్మాయి పేరు చివర కృతజ్ఞతల్లో కూడా లేదు.

మూడో పుస్తకంలో మడిచి పెట్టిన ఇన్‌లాండ్ లెటర్ ఒకటి. "సార్, పేపర్లో నా పేరు లేకపోయినా ఫర్వాలేదు. థీసిస్ మాత్రం సబ్మిట్ చేయనివ్వండి" అని ఉంది. దానికి జవాబు దొరకలేదు. ఆమెకు పీహెచ్‌డీ రాలేదు. 1978లో మానేసి, తర్వాత హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడామెకు 74. పక్క జిల్లాలోనే ఉంటున్నారు.

కొడుక్కి చెప్తే "ఆ చాప్టర్ వద్దు ఆంటీ, అమ్మ తట్టుకోలేదు" అన్నారు. కమిటీ పెద్ద "కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది కదమ్మా" అన్నారు. ఇంట్లో భర్త "పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలి, పైగా నువ్వు ఆయన ఉప్పు తిన్నదానివి" అంటున్నారు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లడానికి నాలుగు నెలలే ఉంది. "పాఠ్యపుస్తకంలో ఒక్క అంకె తప్పు పడితే తప్పొప్పుల పట్టిక అంటించేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు తెలిసి తెలిసి అబద్ధం ఎలా అచ్చు వేయించను? రాస్తే గురుద్రోహం. రాయకపోతే ఆ మనిషికి రెండోసారి ద్రోహం. మానేస్తే రెండేళ్ల పని బూడిదలో పోసినట్టు. ఈ టెన్షన్‌తో బీపీ మాత్ర డోసు పెరిగింది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

మేడమ్, నమస్కారం.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. రెండో నోటు పుస్తకంలో ఒక పేజీ అంచున "రా. 2-10. కరెంటు పోయింది. మళ్లీ మొదట్నుంచి" అని రాసి ఉందన్నారు. ఆ పని ఎలాంటిదో కూడా మీరే వివరించారు. మైక్రోమీటర్ స్క్రూ వెంట్రుకవాసి తిప్పుతూ, మీటరు ముల్లు లేచిన చోటల్లా ఆగి రీడింగు రాసుకోవాలి. 2 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గరిష్ఠానికీ మరో గరిష్ఠానికీ మధ్య దూరం మిల్లీమీటరులో మూడో వంతు. అలాంటివి ఇరవై లెక్కపెడితే ఒక మిశ్రమానికి ఒక్క వేగం వస్తుంది. ఈలోగా థర్మోస్టాట్ నీళ్ల వేడి కదలకూడదు. కరెంటు పోతే ఆ రాత్రి పనంతా పోయినట్టే. అలా మూడేళ్లు కూర్చున్న మనిషి పేరు ఎక్కడా లేదు. మీకు నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు. పట్టి ఉంటే ఈ ఉత్తరం రాసేవారే కాదు.

అయితే మీరు "ద్రోహం" అనే మాట నాలుగుసార్లు వాడారు. ఆ మాట దగ్గరికి వెళ్లే ముందు, ల్యాబులో పిల్లలకు మీరు చెప్పే పద్ధతిలోనే ఒకసారి చూద్దాం. చూసింది ఒక వైపు, అనుకున్నది మరో వైపు. మీరు చూసినవి నాలుగే. చేతిరాత ఆమెది. అంకెలు పేపరుతో కలుస్తున్నాయి. పేపరు మీద ఆమె పేరు లేదు. ఆమె అలాంటి ఉత్తరం రాశారు. ఇక్కడితో ఆగాలి. ఆ ప్రయోగం చేయాలన్న ఆలోచన ఎవరిది, పేరు ఎందుకు పెట్టలేదు, థీసిస్ ఆగిపోవడానికి కారణం గైడా, ఇంట్లో పెళ్లి తొందరా, యూనివర్సిటీ గడువా, ఆయన జవాబు రాశారా లేదా, ఇవేవీ మీకు తెలియవు. ఆ ఉత్తరాన్ని ఆయన చింపేయకుండా 40 ఏళ్లు ఎందుకు దాచారో కూడా తెలియదు. పశ్చాత్తాపం అనుకోవచ్చు, మరచిపోవడం అనుకోవచ్చు. ఏది అనుకున్నా మన ఊహే.

మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు వాల్టర్ మూర్ గుర్తొస్తూ ఉన్నాడు. మీకు ఆయన్ను పరిచయం చేయక్కర్లేదు. 1950లో మొదటిసారి వచ్చి, 1972 నాటికి నాలుగో కూర్పు దాకా నడిచిన 'ఫిజికల్ కెమిస్ట్రీ' పాఠ్యపుస్తకం ఆయనదే. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలో, తర్వాత ఆస్ట్రేలియాలో సిడ్నీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. మీలాగే అంకె తప్పు పోకూడదనుకునే జాతి. పుట్టింది 1918లో. 71 ఏళ్ల వయసులో, 1989లో, ఎర్విన్ ష్రోడింగర్ జీవిత చరిత్ర తెచ్చాడు. ఎలక్ట్రాన్ లాంటి సూక్ష్మ కణాల నడవడిని తరంగంగా లెక్కకట్టే సమీకరణం ఇచ్చిన ష్రోడింగరే. ఆయనా ఒక కెమిస్టే, రాసింది ఒక ఫిజిసిస్టు గురించే. జీవితమంతా బోర్డు మీద రాసిన సమీకరణం వెనక ఉన్న మనిషి ఎవరో చూద్దామని వెళ్లినవాడికి ఏమేం కనబడ్డాయో, వాటిని ఆయన ఏం చేశాడో మీకు పనికొస్తుంది.

మొదట ఒక ఖాళీ కనబడింది. తరంగ సమీకరణం ష్రోడింగర్‌కు తట్టింది 1925 క్రిస్మస్ సెలవుల్లో, స్విట్జర్లాండ్‌లోని ఆరోసా అనే కొండ ఊళ్లో. భార్య ఇంటి దగ్గరే ఉంది. ఆయనతో వెళ్లింది వియన్నా నాటి పాత స్నేహితురాలు ఒకావిడ. ఆమె ఎవరు? మూర్ ఎంత వెతికినా తేలలేదు. ఆ సంవత్సరం డైరీ ఒక్కటే కనబడటం లేదు. అప్పుడు ఆయన ఎవరో ఒకరి పేరు అతికించేయలేదు. తెలియలేదనే రాసి ముందుకు వెళ్లాడు. మీ ప్రొఫెసర్ గారి జవాబు దొరకని చోట మీరూ అంతే చేయొచ్చు. "జవాబు ఇచ్చారో లేదో తెలియదు" అన్న ఒక్క వాక్యం చాలు.

తర్వాత ఒక మచ్చ కనబడింది. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్నాక, గ్రాట్స్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న ష్రోడింగర్ కొత్త ప్రభుత్వానికి లొంగిపోతూ పత్రికలో ఒక ఉత్తరం అచ్చు వేయించుకున్నాడు. అంతకు ఐదేళ్ల ముందు నాజీలు నచ్చకే బెర్లిన్ వదిలేసిన మనిషి ఆయన. భయంతో రాశాడు, తర్వాత సిగ్గుపడ్డాడు, ఐన్‌స్టీన్‌కు క్షమాపణ చెప్పుకున్నాడు. మూర్ ఆ లొంగుబాటునూ రాశాడు, ఆ సిగ్గునూ రాశాడు.

ఆ పైన అంతకంటే కష్టమైనవి కనబడ్డాయి. లెక్కల ట్యూషన్ చెప్పిన 14 ఏళ్ల పిల్ల వెంటపడటం లాంటివి. మూర్ వాటినీ దాచలేదు. కానీ చెప్పిన తీరు ప్రేమ వ్యవహారం చెప్పినంత మెత్తగా ఉంది. మహానుభావుడి బలహీనత అన్నట్టు సర్దేసిన ధోరణి అది. 2001లో మూర్ పోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 2021 చివర్లో, ష్రోడింగర్ చాలా ఏళ్లు ఉండి పనిచేసిన ఐర్లండ్‌లో, అక్కడి పత్రికల్లో ఆ సంగతులు మళ్లీ చర్చకు వచ్చాయి. 2022లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ తన ఫిజిక్స్ లెక్చర్ హాలుకున్న ష్రోడింగర్ పేరు తీసేసింది. ఆ చర్చకు ఆధారాలు చాలావరకు మూర్ పుస్తకంలోవే. అంటే, ఆయన రాసి పెట్టాడు కాబట్టే తర్వాతి తరం తేల్చుకోగలిగింది. అదే చర్చలో ఆయన వాడిన మెత్తని మాటలూ విమర్శకు గురయ్యాయి.

నేను ఇంత దూరం వెళ్లింది ఎందుకంటే, మీరు రాయాలా వద్దా అనే దగ్గరే ఆగిపోయారు. ఏ మాటలతో రాయాలన్నది కూడా అంతే పెద్ద ప్రశ్న. "ఈ పరిశోధనలో ఒక విద్యార్థిని సహకరించారు" అని మీరు రాశారనుకోండి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ మూడేళ్ల రాత్రులు "సహకారం" అయిపోతాయి. "శిష్యురాలి పనిని దొంగిలించారు" అని రాశారనుకోండి. మీరు చూడనిది రాసినట్టవుతుంది. "1978 నాటి వ్యాసంలోని వేగాల పట్టికలు ఫలానావారి చేతిరాతలో ఉన్న నాలుగు నోటు పుస్తకాల్లో కనిపిస్తాయి. వ్యాసంలో ఆమె పేరు లేదు." ఈ రెండు వాక్యాలను ఎవరూ కాదనలేరు. పాఠ్యపుస్తకాలు రాసిన చెయ్యి కాబట్టి మీకు ఇలా రాయడం కష్టం కాదు. మీకు కష్టమల్లా రాశాక ప్రెస్సుకు పంపడమే.

ఒక తేడా కూడా చెప్పాలి, లేకపోతే మీ ప్రొఫెసర్ గారి అబ్బాయికి అన్యాయం చేసినవాణ్నవుతాను. మూర్ పుస్తకం వచ్చేనాటికి ష్రోడింగర్ పోయి 28 ఏళ్లు. ఆయన భార్య ఆనీ 1965లోనే పోయారు. మూర్ ఆవిడ ముఖం చూస్తూ రాయాల్సిన అవసరం పడలేదు. మీకు అలా లేదు. రేపు పుస్తకావిష్కరణ సభలో పెద్దావిడ ముందు వరసలో కూర్చుంటారు. "అమ్మ తట్టుకోలేదు" అన్న కొడుకు మాటను స్వార్థం కింద కొట్టిపారేయకండి. దూరాన ఉన్న కొడుకులకు ఆ భయం నిజంగానే ఉంటుంది.

కానీ మేడమ్, ఆ మాటే నన్ను ఒక సంగతి దగ్గరికి తీసుకెళ్లింది. మీ ఆరు పేజీల్లో కొడుకు మాట ఉంది, కమిటీ పెద్ద మాట ఉంది, మీవారి మాట ఉంది, మీ మాట ఉంది. అసలు ఈ వ్యవహారం ఎవరి జీవితమో ఆ ఇద్దరు ఆడవాళ్ల మాట మాత్రం లేదు. 84 ఏళ్ల ఆవిడ తట్టుకోలేరని అందరూ తేల్చేశారు. 74 ఏళ్ల ఆవిడకు న్యాయం కావాలని మీరు తేల్చేశారు. ఆ ఇద్దరినీ ఎవరైనా అడిగారా?

ట్రంకు పెట్టె దింపించి మీ చేతికిచ్చింది ఆ పెద్దావిడే కదా. అందులో ఏముందో ఆవిడకు తెలియదని మనం ఎందుకు అనుకోవాలి? భర్త పోయాక తొమ్మిదేళ్లు ఆ పెట్టె ఆవిడ ఇంట్లోనే ఉంది. పాత కాగితాలవాడికి వేయలేదు. రాసే మనిషి చేతిలోనే పెట్టారు. తెలిసే ఇచ్చారని నేననడం లేదు. నాకేం తెలుసు! అడిగే అవకాశం ఉందని మాత్రమే అంటున్నాను. పుస్తకం ఊసెత్తకుండా, ఒక మధ్యాహ్నం వెళ్లి "అమ్మగారూ, ఆ రోజుల్లో సార్ దగ్గర రీసెర్చ్ చేసిన పిల్లలు ఇంటికి వచ్చేవారా?" అని మొదలుపెట్టండి. ఆవిడ ఎంత చెప్తే అంత వినండి. ఆ అమ్మాయి పేరు ఆవిడ నోటి వెంటే వస్తే మీ సగం చిక్కు అక్కడే విడిపోతుంది. రాకపోతే మీరు తేకండి, ఆ రోజుకు.

ఇక 74 ఏళ్ల టీచరు గారి సంగతి. అన్నిటికంటే ముందు వెళ్లాల్సింది ఆమె దగ్గరికని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే అవతలివారి బాధను మనం ఊహించుకుని రాస్తే తరచూ తప్పు పోతుంది. జోసెలిన్ బెల్ బర్నెల్ సంగతి మీకు తెలుసు. 1967లో కేంబ్రిడ్జ్‌లో రీసెర్చ్ విద్యార్థినిగా, చార్టు కాగితాలు మీటర్ల కొద్దీ కళ్లతో వెతికి, పల్సార్ (గడియారంలా లయ తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం) ఆనవాలు పట్టిన మనిషి. 1974లో దానికి నోబెల్ వచ్చింది, ఆమె గైడుకి. ప్రపంచమంతా ఆమె తరఫున కోపం తెచ్చుకుంది. ఆమె మాత్రం, చాలా ప్రత్యేకమైన సందర్భాల్లో తప్ప విద్యార్థులకు నోబెల్ ఇవ్వకూడదని, తనది అలాంటి సందర్భం అనుకోవడం లేదని 1977లోనే చెప్పింది. 2018లో 30 లక్షల డాలర్ల బహుమతి వస్తే, ఫిజిక్స్‌లో పరిశోధనకు అవకాశం దొరకని వర్గాల విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు మొత్తం ఇచ్చేసింది. ఆమెకు బాధ లేదని నేననను. కానీ ఆమె బాధ ఏమిటో ఆమే చెప్పింది, తన మాటల్లో. మీ టీచరు గారికి ఆ అవకాశం ఇప్పటిదాకా రాలేదు. పైగా బెల్ పేరు ఆ పల్సార్ పేపర్లో రెండో పేరుగా అచ్చయింది. ఈవిడకు అదీ లేదు.

ఆమె నాలుగు రకాలుగా స్పందించవచ్చు, మీరు సిద్ధపడి వెళ్లండి. రాయమంటారు, సంతోషంగా. లేదా పేరు లేకుండా రాయమంటారు, పిల్లలకూ మనవలకూ ఈ గొడవ తెలియడం ఇష్టం లేక. లేదా అసలు వద్దంటారు. లేదా మీకు తెలియని మరో కథ చెప్తారు, అందులో మీ గురువుగారు మీరు అనుకున్నంత తప్పు చేసి ఉండకపోవచ్చు, ఇంకా ఎక్కువే చేసి ఉండొచ్చు. వద్దంటే ఆ మాటకు కట్టుబడాలి. ఆమె అనుభవించింది ఆమెది. మీ మనశ్శాంతి కోసం దాన్ని అచ్చులోకి ఈడ్చకూడదు. ఒకవేళ వద్దన్నా, 1978 పేపరు గురించి "ఈ కొలతలన్నీ ప్రొఫెసర్ గారు స్వయంగా తీసినవి" అనే వాక్యం మీ రాతప్రతిలో ఎక్కడైనా ఉంటే అది మాత్రం కొట్టేయండి. చెప్పకుండా ఉండటానికీ అబద్ధం చెప్పడానికీ మధ్య ఆ మాత్రం గీత ఉంది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం. ఇన్‌లాండ్ లెటర్ కాగితం ఆ ఇంటివారిది కావచ్చు, కానీ అందులోని మాటల మీద కాపీరైట్ రాసినావిడదే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కొడుకు ఒప్పుకున్నా, ఆమె ఒప్పుకోకుండా ఆ ఉత్తరాన్ని యథాతథంగా అచ్చు వేయకూడదు. ఇంకొకటి. చనిపోయినవారి పరువుకు సంబంధించిన రాత కూడా, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాశారని తేలితే, పరువునష్టం కిందికి రావచ్చు. పాత ఐపీసీలో 499గా ఉన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. నిజమైన సంగతిని ప్రజాహితం కోసం చెప్తే దానికి మినహాయింపు ఉంది. మీరు భయపడాలని చెప్పడం లేదు. ఆ అధ్యాయం ఉంచదలుచుకుంటే అచ్చుకు ముందు ఒక లాయరు చేత చదివించండి, అంతే.

ఇద్దరినీ కలిశాక మీ ముందు దారులేమిటో చూద్దాం.

కొడుకూ కమిటీ అడిగినట్టు ఆ అధ్యాయం లేకుండా ఇవ్వొచ్చు. అలా ఇస్తే అట్ట మీద "జీవిత చరిత్ర" అని వేయనివ్వకండి. "స్మారక సంచిక" అనండి. మన దగ్గర స్మారక సంచిక అంటే ఏమిటో చదివేవాళ్లందరికీ తెలుసు. తలా ఒక వ్యాసం, పాత ఫొటోలు, ఆయన పాఠం చెప్పే తీరు, సైకిలు మీద వచ్చే తీరు, పిల్లలకు చేసిన సాయం. అందులో ఎవరూ మొత్తం మనిషిని వెతకరు. మీ హాస్టల్ డిపాజిట్ కథ అక్కడ నిండుగా రాయండి. జయంతి సభ సజావుగా జరుగుతుంది, పెద్దావిడ సంతోషిస్తారు, మీరు అబద్ధమాడినట్టూ కాదు. మీ 200 పేజీల్లో 120 పేజీలు దానికి సరిపోవచ్చు. నష్టం ఏమిటంటే, ఆ సంచిక వచ్చాక "ఆయన గురించి పుస్తకం వచ్చేసిందిగా" అని అందరూ చేతులు దులుపుకుంటారు. అసలు పుస్తకం మీరొక్కరే, సొంత ఖర్చుతో, మరో రెండేళ్లు మోయాల్సి వస్తుంది. మోయగలరా అన్నది మీ ఆరోగ్యాన్ని బట్టి.

లేదా అధ్యాయంతో సహా ఇప్పుడే తేవచ్చు. టీచరు గారు ఒప్పుకుని, పెద్దావిడకు ముందే తెలిసి ఉంటే ఇదే అన్నిటికంటే శుభ్రమైన పని. కొడుకు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే నిందించకండి, ఆయన డబ్బు ఆయనిష్టం. కమిటీలో సగం మంది మీతో మాట్లాడటం మానేయొచ్చు. మన ఊళ్లలో అది చిన్న శిక్ష కాదు. పెళ్లిళ్లలో, కర్మకాండల్లో, బజార్లో రోజూ తగులుతుంది. ఆ బరువు మీవారి మీద కూడా పడుతుంది కాబట్టి, ఆయన్ను ఒప్పించకపోయినా ఆయనకు తెలియకుండా మాత్రం చేయకండి. ఆ నోటు పుస్తకాలు మీవారికి ఒకసారి చూపించారా? "ఉప్పు తిన్నావు" అన్న మనిషి ఆ రాత్రి 2-10 పేజీ చూశాక ఏమంటారో నాకు వినాలని ఉంది.

మానేయడం కూడా ఒక దారే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ మానేస్తే పని ఇంకెవరికో ఇస్తారు, వాళ్లకు ఆ పట్టికలు చూపించేవాళ్లుండరు. అప్పుడా నాలుగు పుస్తకాలు ఏమవుతాయన్నదే నా భయం. అందుకని మీరు ఏ దారి పట్టినా ముందు ఒక పని చేయండి. ప్రతి పేజీ ఫొటో తీయండి, పెద్దావిడకు చెప్పే తీయండి. ఏ పుస్తకంలో ఎన్ని పేజీలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఒక కాగితం రాసి, ఆ కాగితంతో సహా తిరిగి వారి చేతికే ఇవ్వండి. అవి వారి ఇంటి వస్తువులు, మీ దగ్గర ఉంచుకోవద్దు. ఆయన పనిచేసిన యూనివర్సిటీ లైబ్రరీకి ఆయన కాగితాలన్నీ ఇవ్వమని అబ్బాయిని అడగండి. నాన్నగారి కాగితాలు భద్రంగా ఉంటాయంటే ఏ కొడుకైనా వింటాడు.

గురుద్రోహం గురించి అడిగారు. ఆయన మీకు కట్టిన డబ్బు నిజం. మీరు లెక్చరరయ్యి వేలమందికి చదువు చెప్పారంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ఆ రుణం పుస్తకంలో మొదటి పేజీలోనే ఒప్పుకోండి, మీరు ఆయనకు ఏమవుతారో చదివేవాడికి తెలియాలి. ఒక అమ్మాయి చదువు ఆగిపోకుండా చూసిన ఆ మనిషి దగ్గరే మరో అమ్మాయి చదువు ఆగిపోయింది. ఆ రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉంటే ఆయన చిన్నవారవుతారని మీకు భయం. నాకలా అనిపించలేదు. ష్రోడింగర్ ఉపనిషత్తులు చదివాడని, వేదాంతం గురించి గొప్పగా రాశాడని మన సభల్లో మనం గర్వంగా చెప్పుకుంటాం. అది నిజమే, మూర్ పుస్తకంలో అదీ ఉంది. 1938 నాటి ఉత్తరమూ అదే పుస్తకంలో ఉంది. అవన్నీ చదివాక కూడా మీరు తరగతిలో ఆయన సమీకరణం చెప్పారు కదా. ఏ అక్షరమూ మారలేదు. మీ గురువుగారి పట్టికల్లో అంకెలు కూడా మారవు. అవి తీసినవారెవరో తెలుస్తుంది.

వచ్చే వారమే ఆ టీచరు గారికి ఫోన్ చేయండి. మీరు ఫలానా ప్రొఫెసర్ గారి మీద పుస్తకం రాస్తున్నారని ముందే చెప్పేయండి. ఆ పేరు వినగానే ఆవిడ ఫోన్ పెట్టేస్తే, అది కూడా జవాబే, మళ్లీ చేయకండి. రమ్మంటే ఒక్కరే వెళ్లండి, కమిటీవాళ్లను తీసుకెళ్లకండి. సెల్‌ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకండి. నాలుగు పుస్తకాల జిరాక్సులు ఒక సంచిలో పెట్టుకుని వెళ్లి, ముందు అవి ఆవిడ చేతికివ్వండి. ఆవిడ తన చేతిరాత చూసుకుని 48 ఏళ్లయింది. నాలుగో పుస్తకం చివరి పట్టిక సగంలో ఆగిపోయిందని, ఆరో మిశ్రమం దగ్గర రీడింగుల గడులు ఖాళీగా ఉన్నాయని మీరు రాశారు. ఆ పేజీ ఆవిడే తిప్పేదాకా ఆగండి.